బదులు చెప్పే గది

ఆదివారం మధ్యాహ్నం సిడ్నీ నుంచి ఇంటికి వచ్చి, భుజం మీది బ్యాగు కూడా దించకుండా ఆన్సరింగ్ మెషీన్ బటన్ నొక్కాను. ముందు అంకుల్ గొంతు వచ్చింది. "పాపా, నేనే. రేప్పొద్దున నాకు కుదిరేట్టు లేదు, ఆయాసంగా ఉండాది. గది నువ్వు తెరువు. తెరిచినప్పుడు చెప్పడం మర్చిపోవద్దు, ఏం?" తర్వాత టేపు కాసేపు గరగరమంది. రెండో గొంతు బేస్‌బాల్ క్లబ్ ప్రెసిడెంటుది. అంకుల్ శనివారం తెల్లవారుజామున నిద్రలోనే పోయారని, ఆ సాయంత్రమే ఖననమని, వీలైతే రమ్మని చెప్పాడు. ఆ సాయంత్రం నేను సిడ్నీ దగ్గరి హెలెన్స్‌బర్గ్ వెంకన్న గుళ్లో మెట్ల మీద కూర్చుని పులిహోర తింటున్నాను. ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం నేను శుక్రవారమే సిడ్నీ వెళ్లానని ఆయనకు తెలియదు.

నమ్మకం కుదరక మళ్లీ బటన్ నొక్కాను. మళ్లీ ముందు ఆయనే మాట్లాడారు.

మన బ్రిస్బేన్ తెలుగు సంఘం పత్రిక చదివే చాలామందికి ఆయన చెప్పుల అంకుల్‌గానే తెలుసు. సన్నీబ్యాంక్‌లో చైనీస్ బేకరీ పక్కన ఇరుకు షాపు, గోడకు వేలాడే బెల్టులు, జిగురు వాసన, కౌంటర్ వెనక నెరిసిన గడ్డంతో ఇంగ్లీషును కూడా కడప యాసలోనే మాట్లాడే మనిషి. సూట్‌కేసు చక్రం ఊడినా, కొత్త బూటు కాలు కరిచినా అందరం ఆయన దగ్గరికే పరిగెత్తేవాళ్లం. ఆయనకు ఇంకో పని కూడా ఉండేది. నేను రాస్తున్నది దాని గురించి. చదివి నవ్వుకుంటే నవ్వుకోండి. నేనూ మొదట్లో నవ్వినదాన్నే.

సన్నీబ్యాంక్ నుంచి కారులో కొంచెం దూరం పోతే పాత బేస్‌బాల్ మైదానం ఒకటుంది. దాని క్లబ్ భవనం పై అంతస్తులో ఒక పొడవాటి గది. ఈ చుట్టుపక్కల ఆ ఆట ఆడి పేరు తెచ్చుకున్న పాతకాలపు ఆటగాళ్ల జ్ఞాపకార్థం దాన్ని మ్యూజియం చేశారు. గోడల నిండా ఫొటోలు. అద్దాల పెట్టెల్లో టోపీలు, చొక్కాలు, రోకళ్ల లాంటి బ్యాట్లు, యుద్ధకాలంలో ఇక్కడ దిగిన అమెరికన్ సైనికులు వదిలి వెళ్లిన బంతులు. అన్నిటికంటే ఎక్కువగా తోలు గ్లౌజులు. వాటిలో ఎండిపోయి పగుళ్లు బారిన ఒకదాన్ని బాగుచేయమని క్లబ్బువాళ్లు అంకుల్ షాపుకి తెచ్చారట. ఆయన దాన్ని బాగుచేసి, మిగతావి ఎలా ఉన్నాయో చూద్దామని వెళ్లారు. ఇక అంతే, ఆ గది ఆయనదైపోయింది. శనివారం పొద్దున, వారం మధ్యలో ఒక మధ్యాహ్నం తలుపు తీసి కూర్చునేది ఆయనే.

ఆయన నాకు పరిచయమైంది తొంభై తొమ్మిది చివర్లో. ఆ రోజుల్లో బ్రిస్బేన్‌లో తెలుగు మొహం కనిపిస్తే కంప్యూటరే అనుకునేవారు. చాలావరకు నిజం కూడా. నేనూ ఆ సరుకే. తెనాలి నుంచి వచ్చి, 2000 వస్తే కంప్యూటర్లు దాన్ని 1900 అనుకుంటాయన్న వైటూకే భయంతో, పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలు ఉన్నచోటల్లా నాలుగంకెలు చేస్తూ పగలంతా గడిపేదాన్ని. ఓ రోజు చెప్పు తెగి షాపుకి వెళితే ఆయన కళ్లజోడు పైకి నెట్టి నన్ను ఎగాదిగా చూశారు.

"పాపా, నువ్వు కంప్యూటర్ కదా?"

"అవునంకుల్."

"మా మ్యూజియంలో దొంగల అలారం ఉండాది. జనవరి ఒకటో తేదీ అది పిచ్చి పట్టినట్టు కూస్తాదేమోనని మా కమిటీ అంతా టెన్షన్ పడతాండారు. ఒకసారి వచ్చి సూస్తావా?"

అలారాల గురించి నాకు ఓనమాలు తెలియవు. ఆ మాట ఒప్పుకోవడానికి మనసొప్పక సరేనన్నాను.

వెళ్లింది డిసెంబరులో, ఇక్కడి నడి ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం. మైదానం మీద ఎండ తెల్లగా పరుచుకుని ఉంది, పక్షి కూత కూడా లేదు. మెట్లెక్కుతుంటే పైనుంచి ఆయన గొంతు వినిపించింది. "అస్సలాము అలైకుమ్." ఎవరో వచ్చి ఉన్నారనుకున్నాను. పైకి చేరేసరికి ఆయన తెరిచిన తలుపు ముందు, గుమ్మం బయటే, తల కొంచెం వంచి నిలబడి ఉన్నారు. లోపల ఎవరూ లేరు. నా వైపు చూడకుండానే చెయ్యెత్తి ఆగమన్నారు. కాసేపటికి "ఆ, ఇప్పుడు రా" అంటూ లోపలికి నడిచారు.

"ఎవరికి చెప్పారంకుల్?"

"ఎవరూ లేని ఇంట్లోకి పోయేటప్పుడు గూడా సలాం చెప్పల్ల పాపా. అది మా పద్ధతి. కడపలో మా నాయన షాపు తెరిచేటప్పుడు గూడా చెప్పేవాడు."

"చెప్పారు సరే, బయటే ఆగారెందుకు?"

"చెప్పినాక బదులు వినల్ల గదా," అన్నారు, ఇంత చదువుకుని ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

అలారం డబ్బా మూత తీసి చూశాను. వారం రోజుల చక్రం ఒకటి, గంటల ముల్లు ఒకటి. అంతే. అందులో నెల లేదు, సంవత్సరం లేదు. నాకు నవ్వొచ్చింది. "అంకుల్, దీనికి ఇది ఏ శతాబ్దమో కూడా తెలీదు. మీ కమిటీని హాయిగా నిద్రపొమ్మనండి," అన్నాను.

"లోపలుండేవాళ్లకు గూడా తెలీదులే పాపా," అన్నారాయన.

నేను ఇంకా నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆ అలారానికి గదిలో రెండు కళ్లు ఉండేవి. కళ్లంటే గోడకు బిగించిన చిన్న తెల్ల డబ్బాలు. మనిషి కదిలితే ఒంటి వేడిని పసిగట్టి వాటిలో ఎర్రదీపం వెలుగుతుంది. అలారం ఆపేసి ఉన్నా దీపాలు మాత్రం వెలుగుతాయి. ఒకటి ఈ చివర, గుమ్మం పక్కన అంకుల్ కూర్చునే చెక్క కుర్చీకి పైన. ఆయన కూర్చున్నప్పుడు వెలిగేది, లేచిపోతే ఆరిపోయేది. రెండోది ఆ చివర, ఒక క్యాచర్ గ్లౌజు ఉన్న అద్దాల పెట్టెకి పైన. క్యాచర్ అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు; బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని బంతి అందుకుంటాడు. ఆ గ్లౌజు ఆసామి ఏనాడో పోయాడు. ఆయనది ఒకే ఒక్క ఫొటో మిగిలింది. అందులోనూ మొహానికి ఇనుప జాలీ ఉంది. ఆ మొహం ఎలా ఉండేదో చెప్పగల మనిషి ఇప్పుడు ఎవరూ లేరు.

ఇంకోసారి వెళ్లినప్పుడు ఇద్దరం కలిసే మెట్లెక్కాం. ఆయన తలుపు తీసి గుమ్మం బయటి నుంచి సలాం చెప్పారు. ఎదురుగా, గది ఆ చివర, ఎర్రదీపం వెలిగింది. మేమిద్దరం బయటే ఉన్నాం. నా ఒళ్లు జలదరించిందని ఒప్పుకోవడం ఇష్టంలేక వెంటనే నా తెలివి చూపించాను.

"బయటి వేడిగాలి లోపలికి పోయిందంకుల్. డబ్బా దాన్నే మనిషనుకుంది."

"అట్లయితే ఈడ గుమ్మం కాడుండే దీపం గదా ముందు వెలగల్ల?"

వైరింగ్ బాగాలేదన్నాను. మా కంప్యూటర్ వాళ్లకు ఏదీ తోచనప్పుడు తప్పు వైరుదే.

ఆయన వాదించలేదు. "ఈడ శానామంది ఉండారు గాని, పలికేది ఆ కీపరొక్కడే. మూటలా కూర్చుంటాడు గదా, అందరూ కనబడేది అతనికే. గుంపులో ఒకరు బదులిస్తే సాలు పాపా, అందరూ ఇచ్చినట్టే. అదీ మా పద్ధతే," అన్నారు.

జనవరి ఒకటి వచ్చింది. ప్రపంచం మునగలేదు, నా కాంట్రాక్టు మునిగింది. అందరూ తేదీలన్నీ దిద్దేసుకున్నాక ఇక మా అవసరం ఎవరికుంటుంది? కొత్త పని కోసం దరఖాస్తులు పెట్టుకుంటూ, మధ్యాహ్నాలు నా అద్దె గదిలో ఒక్కదాన్నే కూర్చోలేక ఆయన మ్యూజియానికి పోయేదాన్ని. ఆంటీ ఇద్దరికీ కలిపి డబ్బాలో అన్నం సర్దేది. "ఆయప్ప ఇంట్లో కంటే ఆడనే ఎక్కువ మాట్లాడతాడమ్మా. నాక్కూడా కొంచెం మిగిల్చమను," అనేది నాతో. ఆ దిగులు రోజుల్లో నన్ను నిలబెట్టింది ఆ అన్నం డబ్బా, ఆ కుర్చీ పక్కన ఆయన నాకోసం వేసిన రెండో కుర్చీ. ఇది ఆయన ఉండగా చెప్పలేదు, ఇక్కడ చెప్తున్నాను.

బేస్‌బాల్ ఆయనకు క్రికెట్ మీదుగా అర్థమైన ఆట. బ్యాటు పట్టినవాడు నిలబడే చోటును అందులో హోమ్ అంటారు, అక్కడి నుంచి పరిగెత్తి చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే చేరాలి. "ఇదేం ఆట పాపా, అంతా ఇంటికి రావడానికే పరుగు," అని తల పట్టుకునేవారు. అప్పుడప్పుడు ఎవరో ముసలి దొర మనవలను వెంటబెట్టుకుని వచ్చేవాడు. అంకుల్ ఫొటోలు చూపిస్తూ ఫలానా ఆయన ఇలా కొడతాడు, ఫలానా ఆయన అలా విసురుతాడు అని చెప్పేవారు. విచిత్రమేమంటే ఎవరి గురించీ పోయినవాళ్లన్నట్టు మాట్లాడేవారు కాదు. "ఈయనకు కోపమెక్కువ, ఆయనకు మోకాలు నొప్పి." పిల్లలు ఆ ఫొటోల వంక, ఆయన వంక మార్చి మార్చి చూసి తాత చెయ్యి పట్టుకునేవారు.

గ్లౌజులకు నూనె రాయడం ఆయన అసలు పని. పెట్టె తెరిచి, బిస్మిల్లా అని, ముందు తన చెయ్యి లోపలికి దూర్చేవారు. తర్వాతే గుడ్డతో నూనె పట్టించేవారు. చివరికి గ్లౌజు మధ్యలో ఒక బంతి పెట్టి ముడిచేవారు, ఆకారం పోకుండా.

"చెయ్యి ఎందుకు పెట్టడం? బయట రాస్తే చాలదా?" అని ఒకసారి అడిగాను.

"షేక్‌హ్యాండ్ ఇవ్వకుండా పని మొదలుపెడితే ఏం మర్యాద? నువ్వూ ఇయ్యి."

క్యాచర్ గ్లౌజు నా చేతికిచ్చారు. బరువుగా, మెత్తటి దిండులా ఉంది. లోపల చెమటకు నల్లబడిన అయిదు వేళ్ల గుంటలు ఉన్నాయి. నా వేళ్లు వాటిలోకి జారాయి. ఆ గదిలో ఏసీ చలి ఎప్పుడూ ఎముకలు కొరికేది. అద్దాల పెట్టె, బ్యాట్లు, ఏది ముట్టుకున్నా చల్లగా ఉండేది. గ్లౌజు లోపలి భాగం మాత్రం, ఎవరో ఇప్పుడే చెయ్యి తీసి మంచినీళ్లకు వెళ్లినట్టు, వెచ్చగా ఉంది. నేను గబుక్కున చెయ్యి లాక్కోబోయాను. తోలు ఒక్క క్షణం వదల్లేదు.

"టైట్‌గా ఉంది," అన్నాను.

"ఊఁ," అన్నారాయన.

ఇన్ని జరిగినా నా తర్కం నన్ను ఊరికే ఉండనివ్వలేదు. ఒక బుధవారం ఆయన షాపులో ఆలస్యమవుతుందని తాళం నా చేతికిచ్చి ముందు పంపారు. ఇదే అదను అనుకున్నాను. తలుపు తీసి, సలాం చెప్పకుండా గుమ్మం బయట నిలబడ్డాను. అదే ఎండ, అదే వేడిగాలి. ఆ చివరి దీపం వెలగలేదు. ఇంకాస్త ఆగాను. వెలగలేదు. గది నా వైపే చూస్తూ ఊపిరి బిగబట్టినట్టనిపించి, లోపలికి అడుగు పెట్టకుండా తలుపు దగ్గరికి లాగి కిందికి వచ్చి, మైదానం గట్టు మీద కూర్చున్నాను.

అంకుల్ వచ్చి, పైకి వెళ్లి, వెంటనే కిందికి దిగారు.

"చెప్పకుండా తెరిచినావా పాపా?"

"మీకెలా తెలుసు?"

"వచ్చి సూడు."

క్యాచర్ గ్లౌజు పెట్టెకు తాళం వేసే ఉంది. గ్లౌజు మాత్రం తెరుచుకుని ఉంది. దాని మధ్యలో ముడిచి పెట్టిన బంతి పెట్టె అడుగున, ఒక మూలకు దొర్లి ఉంది. "అలిగినాడు," అన్నారు అంకుల్, ఇంట్లో పిల్లాడి గురించి చెప్పినట్టు. నేను తోలు వ్యాకోచం గురించి ఏదో అనబోయి, ఆయన మొహం చూసి మానేశాను.

తర్వాతి ఏడాది ఆయనకు చెవులు మందగించాయి. షాపులో ఆంటీ గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చేది. ఓ శనివారం సలాం చెప్పాక ఆయన ఎప్పటికంటే ఎక్కువసేపు ఆగి, నా వైపు తిరిగి నెమ్మదిగా అడిగారు.

"నీకేమన్నా వినపడిందా?"

"లేదంకుల్. మీకు నిజంగా ఏమైనా వినిపించేదా?"

"మొదట్లో. తోల్లో బంతి పడిన సప్పుడు. ఠప్‌మని, ఒక్కసారే. ఇప్పుడు నాకు వినపడడం లేదు. వాళ్లు పలకడం మానేసినారో, నా చెవే పోయిందో తెలీడం లేదు." అప్పుడాయన కళ్లు ఆ చివరి దీపాన్ని వెతికాయి. అది వెలుగుతోంది. బిగుసుకున్న ఆయన భుజాలు సడలాయి. ఆ రోజు నేను వైరింగు మాట ఎత్తలేదు. ఆ దీపం ఎందుకు వెలిగితేనేం, వెలిగితే చాలనిపించింది.

మొన్న వేసవి పోయాక క్లబ్ కమిటీ ఒక నిర్ణయానికి వచ్చింది. అంకుల్ తర్వాత గది తెరిచే మనిషి దొరక్కపోతే వస్తువులన్నీ అట్టపెట్టెల్లో సర్ది, మైదానం వెనక రేకుల షెడ్డులో పెడతారట. గది అద్దెకిచ్చుకుంటారట. ప్రెసిడెంటు మంచివాడే. "సారీ మేట్," అని ఆయన భుజం తట్టి మరీ చెప్పాడు. అంకుల్ ఆ వారమంతా షాపులో ఒక్క చెప్పు కూడా సరిగా కుట్టలేదు.

"షెడ్డులో సలాం చెప్పేదెవరు పాపా?" అన్నారు నాతో. "పిలిచేవాళ్లు లేకపోతే వాళ్లు యాడికని పోతారు? నువ్వు చూసుకో."

"నేనా? నేను ముస్లింని కాదు కదంకుల్."

"నీకు మంచి జరగాలని అనడానికి ఎవరైతే ఏం? తెలుగులో చెప్పు. కానీ చెప్పి ఆగల్ల. ఆగకుండా లోపలికి పోవడమే తప్పు."

"నా వీసా ఎప్పటిదాకో నాకే తెలీదు. రేపు సిడ్నీలో ఉద్యోగం వస్తే వెళ్లిపోతాను."

"సరేలే," అన్నారాయన. ఇంక అడగలేదు. అడగకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది. ఆ ఫోన్ సందేశంలోనే మళ్లీ అడిగారు.

ఆదివారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఆంటీ తెల్లటి దుపట్టా కప్పుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు, పక్కన కూర్చోమంది. నాకు ఏడుపు ఆగలేదు. చాలాసేపటికి ఆంటీ మ్యూజియం తాళంచెవి నా ముందు పెట్టింది.

"ఈ మధ్య ఇంట్లోకి వచ్చేటప్పుడు గూడా సలాం చెప్పి గుమ్మంలోనే ఆగేవాడమ్మా. నేను బదులు చెప్తే ఆయప్పకు వినపడదు గదా. అందుకని నేను లేచి వరండాలో లైట్ వేసేదాన్ని. అప్పుడు లోపలికి వచ్చేవాడు," అంది. "నిన్న సాయంకాలం ఆయప్పను తీసుకుపోయినాక ఆ లైట్ తనంతట తానే వెలిగిందమ్మా. నాకేం భయం కాలేదు. వాలేకుమ్ సలాం అని చెప్పినా."

సిడ్నీ కంపెనీ నుంచి ఫోన్ బుధవారం వచ్చింది. ఉద్యోగం ఇస్తామన్నారు. సోమవారం దాకా గడువడిగాను.

నిన్న శనివారం పొద్దున మైదానానికి వెళ్లాను. జూలై చలి. గడ్డి మీద మంచు కరగలేదు, నోరు తెరిస్తే ఆవిరి వస్తోంది. వేడిగాలి అన్న మాట ఎత్తడానికే లేదు. క్లబ్ కింద ప్రెసిడెంటు కారు ఆగి ఉంది. మెట్ల పక్కన మడత విప్పని అట్టపెట్టెలు దొంతరగా ఉన్నాయి. నన్ను చూసి అతను టోపీ తీసి, నువ్వు ముందు పైకి వెళ్లు, కాసేపు కూర్చుని రా, మేము తర్వాత సర్దుకుంటాం అన్నాడు.

పైకెక్కి తలుపు తీశాను. వారానికి పైగా మూసి ఉన్న గదిలోంచి తోలు నూనె వాసన వచ్చింది. గుమ్మం పక్కన ఆయన కుర్చీ, దాని మీద ఆంటీ కుట్టిన దిండు. దిండులో ఆయన కూర్చున్న లోతు ఇంకా పోలేదు. ఆ పక్కనే నా కుర్చీ. నేను గుమ్మం దాటలేదు.

"అస్సలాము అలైకుమ్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చెప్పి ఆగాను.

ఆ చివర క్యాచర్ గ్లౌజు పైన దీపం వెలగలేదు. అటే చూస్తూ నిలబడ్డాను. చలికి వేళ్లు మొద్దుబారుతున్నాయి. వెలగలేదు. ఇక ఎవరూ లేరన్నమాట అనుకుని, కళ్లు తుడుచుకుంటూ తల తిప్పాను. అప్పుడు చూశాను. ఈ చివర, ఖాళీ కుర్చీకి పైన, ఎర్రదీపం నిలకడగా వెలుగుతోంది.

కింద నుంచి ప్రెసిడెంటు కేక వేశాడు, పెట్టెలు పైకి తేవాలా అని.

"వద్దు," అన్నాను. "లోపల మనుషులున్నారు."

వైరింగు తప్పయితే ఆ దీపం ఆరిపోతుందని కాసేపు ఆగాను. అది ఆరలేదు. గుంపులో ఒకరు బదులిస్తే చాలు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను.